బీటెక్ చేసినా, జీఎన్ఎం చేసినా: అమెరికాలో బీఎస్ఎన్ త్వరగా, ఆన్‌లైన్‌లో చేయాలంటే పూర్తి గైడ్

అమెరికాలో నర్సింగ్ డిగ్రీ, అంటే బీఎస్ఎన్, త్వరగా ఎలా చేయాలి అని వెతికితే ముందు వచ్చేవన్నీ యాడ్లే, "12 నెలల్లో నర్స్ అవ్వండి" అనో "ఇంట్లో కూర్చునే బీఎస్ఎన్" అనో. వాటిల్లో ఒక్కసారి ఫోన్ నంబర్ ఇచ్చారంటే ఇంక కాల్స్ ఆగవు. ఆ కాల్ చేసేవాళ్ళు అడ్మిషన్ గురించి బాగా చెప్తారు గానీ లైసెన్స్ గురించి చెప్పరు, అసలు సంగతంతా అక్కడే ఉంది. డిగ్రీ చేతికొచ్చినంత మాత్రాన నర్స్ అయిపోరండి, మీరుండే స్టేట్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) లైసెన్స్ ఇస్తేనే నర్స్. అందుకని కాలేజీ దగ్గర మొదలుపెట్టకండి, లైసెన్స్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. నాకు ఏ స్టేట్‌లో లైసెన్స్ కావాలి, దానికి ఏ కాలేజీ చెల్లుతుంది, ఆ కాలేజీకి ఏ సబ్జెక్టులు కావాలి, వాటికి ఎన్ని నెలలు పడుతుంది, ఈ వరసలో. కింద చెప్పే ప్రతి స్టెప్పూ ఈ లెక్క ప్రకారమే ఉంటుంది.

ముఖ్యంగా ఇద్దరిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఒకరు ఇండియాలో బీటెక్కో ఎమ్మెస్సీయో చేసి, ఇక్కడికి హెచ్4 (హెచ్1బీ మీద పనిచేసేవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద వచ్చి, ఐటీ కాకుండా ఇంకేదైనా చేద్దాం అనుకుంటున్నవాళ్ళు. ఇంకొకరు మన దగ్గర జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా చేసి, హాస్పిటల్లో పనిచేసి, ఇక్కడ లైసెన్స్‌తో పాటు డిగ్రీ కూడా కావాలనుకునేవాళ్ళు. ఇద్దరి దారులూ వేరే, కలిపేసుకుంటే డబ్బులు, టైమ్ రెండూ పోతాయి.

స్టెప్ 1: మీ దారి ఏదో తేల్చుకోండి

మీకు వేరే సబ్జెక్టులో బ్యాచిలర్స్ ఉంటే మీ దారి యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్, అందరూ ఏబీఎస్ఎన్ అంటారు, కొన్ని కాలేజీలు సెకండ్ డిగ్రీ బీఎస్ఎన్ అని కూడా రాస్తాయి. మామూలుగా 11 నుంచి 18 నెలలు. ఫిలడెల్ఫియాలో డ్రెక్సెల్ యూనివర్సిటీది 11 నెలల ప్రోగ్రాం, ఎన్‌వైయూది 15 నెలలు, టెక్సాస్ టెక్ హెల్త్ సైన్సెస్ సెంటర్ వాళ్ళది 12 నెలలు, అందులో థియరీ ఆన్‌లైన్‌లో ఉండి, క్లినికల్స్ (హాస్పిటల్లో చేసే ట్రైనింగ్) మాత్రం కాలేజీ వాళ్ళు చెప్పిన ఊళ్ళో చేయాలి. ఇలా ఆన్‌లైన్ ఏబీఎస్ఎన్ అని ఎక్కడ కనపడినా అర్థం ఒకటే, పాఠాలు మాత్రమే ఆన్‌లైన్, స్కిల్స్ ల్యాబ్, సిమ్యులేషన్, హాస్పిటల్ క్లినికల్స్ అన్నీ మీరు వెళ్ళి చేయాల్సిందే. ఐవీ పెట్టడం జూమ్‌లో రాదు కదా. కొత్తగా ఆర్ఎన్ అవ్వాలనుకునేవాళ్ళకి ఎవరైనా "100 శాతం ఆన్‌లైన్, ఎక్కడికీ రావక్కర్లేదు" అని చెప్తే ఆ కాల్ అక్కడే కట్ చేసేయండి.

మీకు ఆల్రెడీ ఆర్ఎన్ లైసెన్స్ ఉండి డిప్లొమా గానీ అసోసియేట్ డిగ్రీ గానీ ఉంటే మీది ఆర్ఎన్ టు బీఎస్ఎన్. ఇది మాత్రం దాదాపు పూర్తిగా ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది, ఉద్యోగం చేస్తూ 9 నెలల నుంచి రెండేళ్ళలో చేసుకోవచ్చు. జీఎన్ఎం వాళ్ళు ముందు ఇక్కడి ఆర్ఎన్ లైసెన్స్ తెచ్చుకుని ఈ దారిలోకి రావాలి, దాని కాగితాల సంగతి స్టెప్ 4లో ఉంది.

మూడో దారి ఒకటుంది, యాడ్లలో కనపడదు గానీ డబ్బులు తక్కువున్నవాళ్ళకి నేను ముందు ఇదే చెప్తాను. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ, అంటే ఏడీఎన్ చేసి, ఎన్‌క్లెక్స్ (ఆర్ఎన్ లైసెన్స్ పరీక్ష) రాసి, ఆర్ఎన్‌గా ఉద్యోగంలో చేరి, తర్వాత ఆన్‌లైన్‌లో ఆర్ఎన్ టు బీఎస్ఎన్ చేయడం. ఏబీఎస్ఎన్ కన్నా ఏడాది ఎక్కువ పడుతుంది, కానీ ఖర్చు చాలా తక్కువ, పైగా బీఎస్ఎన్ ఫీజులో కొంత చాలా హాస్పిటల్సే ఇస్తాయి. అయితే మరి బీఎస్ఎన్ ఎందుకు అంటారా, మాగ్నెట్ హోదా (నర్సింగ్ బాగుందని ఇచ్చే గుర్తింపు) ఉన్న పెద్ద హాస్పిటల్స్ బీఎస్ఎన్ ఉన్నవాళ్ళనే ముందు చూస్తాయి, ఛార్జ్ నర్స్, మేనేజర్, నర్స్ ప్రాక్టీషనర్ ఏది అనుకున్నా ఇది కావాలి, న్యూయార్క్‌లో అయితే 2017లో చట్టమే చేశారు, లైసెన్స్ వచ్చిన పదేళ్ళలోపు బీఎస్ఎన్ పూర్తి చేయాలని.

ఇండియాలో బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళది చేసినవాళ్ళు దయచేసి మళ్ళీ ఇవేవీ చదవకండి. మీ డిగ్రీ మామూలుగా ఇక్కడి బీఎస్ఎన్‌కి సమానంగానే వస్తుంది, మీకు కావాల్సింది క్రెడెన్షియల్ ఎవాల్యుయేషన్, ఎన్‌క్లెక్స్ అంతే. తెలియక మళ్ళీ కాలేజీలో చేరిపోయినవాళ్ళు ఉన్నారు, చాలా బాధేస్తుంది.

స్టెప్ 2: వీసా, ఎస్ఎస్ఎన్ సంగతి ముందే చూస్కోండి

దీన్ని చివరికి వదిలేస్తారు చాలామంది, ఇదే ముందు చూడాలి.

హెచ్4 మీద చదువుకోవచ్చు, ఫుల్ టైమ్ కూడా, వేరే పర్మిషన్ ఏం అక్కర్లేదు. క్లినికల్స్ జీతం లేకుండా కోర్సులో భాగంగా చేసేవి కాబట్టి అవి ఉద్యోగం కిందకి రావు. కానీ చదువు అయ్యాక ఉద్యోగం చేయాలంటే ఈఏడీ (పనిచేయడానికి ఇచ్చే అనుమతి కార్డు) కావాలి, అది రావాలంటే మీవారికి ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉండాలి, లేదా ఆయన హెచ్1బీ ఆరేళ్ళు దాటి ఎక్స్‌టెన్షన్ మీద ఉండాలి. ఈ రూల్ 2015 నుంచి ఉంది. ఐ-140 ఇంకా మొదలే పెట్టకపోతే, మీ ప్రీరిక్విజిట్లు (ప్రోగ్రాంకి ముందు చేయాల్సిన సబ్జెక్టులు) మొదలుపెట్టే రోజే ఆయన్ని కంపెనీలో అడగమనండి, రెండూ పక్కపక్కనే నడవాలి.

ఇక్కడే ఇంకో ముడి ఉంది. ఈఏడీ లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబర్ (ఎస్ఎస్ఎన్) రాదు, చాలా స్టేట్ బోర్డులు లైసెన్స్‌కి ఎస్ఎస్ఎన్ అడుగుతాయి. కాలిఫోర్నియాలో ఐటీఐఎన్‌తో (ఎస్ఎస్ఎన్ రానివాళ్ళకి ఇచ్చే ట్యాక్స్ నంబర్) కూడా అప్లై చేయొచ్చు, కొన్ని స్టేట్లు వేరే ఫారం తీసుకుంటాయి, కానీ కాంపాక్ట్ లైసెన్స్, అదే ఒక్క లైసెన్స్‌తో 40కి పైగా స్టేట్లలో పనిచేసుకునేది, దానికి ఎస్ఎస్ఎన్ ఉండి తీరాలి. టెక్సాస్, జార్జియా, నార్త్ కరోలినా, వర్జీనియా, ఫ్లోరిడా, అరిజోనా ఇవన్నీ కాంపాక్ట్‌లో ఉన్నాయి, కాలిఫోర్నియా లేదు. మీ బోర్డ్ వెబ్‌సైట్‌లో "లైసెన్సర్ బై ఎగ్జామినేషన్" అనే పేజీ తీసి ఎస్ఎస్ఎన్ గురించి ఏం రాశారో చదివి, అర్థం కాకపోతే వాళ్ళకే ఈమెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. ఫోన్లో చెప్పింది రేపు ఎవరికీ గుర్తుండదు.

ఎఫ్2 (ఎఫ్1 స్టూడెంట్ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఉన్నవాళ్ళు పార్ట్ టైమ్ మాత్రమే చదవగలరు, ఏబీఎస్ఎన్ ఫుల్ టైమ్ కాబట్టి స్టేటస్ మార్చుకోవాలి. ఇండియా నుంచి ఎఫ్1 మీద రావాలనుకునేవాళ్ళు గుర్తుపెట్టుకోండి, సెమిస్టర్‌కి ఒక్క ఆన్‌లైన్ క్లాసు మాత్రమే ఫుల్ టైమ్ లెక్కలోకి వస్తుంది, పూర్తి ఆన్‌లైన్ ప్రోగ్రాంకి ఎఫ్1 రాదు. చదువయ్యాక పనిచేయడానికి ఇచ్చే ఓపీటీ 12 నెలలే, ఐటీ వాళ్ళకి వచ్చే 24 నెలల స్టెమ్ ఎక్స్‌టెన్షన్ బీఎస్ఎన్‌కి లేదు, మామూలు ఆర్ఎన్ ఉద్యోగానికి హెచ్1బీ కూడా అంత తేలిగ్గా రాదు. ఆర్ఎన్‌లకి షెడ్యూల్ ఏ అని ఒక వెసులుబాటు ఉంది, గ్రీన్ కార్డ్‌కి పెర్మ్ (లేబర్ సర్టిఫికేషన్) అవసరం లేకుండా హాస్పిటల్ నేరుగా ఐ-140 వేయొచ్చు, కానీ ఇండియాలో పుట్టినవాళ్ళకి ఈబీ3 (ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డ్ కేటగిరీ) క్యూ ఎలాగూ చాంతాడంత ఉంది. కాబట్టి అప్పు చేసి ఎఫ్1 మీద ఏబీఎస్ఎన్‌కి రావడం నేనైతే ఎవరికీ చెప్పను. హెచ్4 ఈఏడీ, గ్రీన్ కార్డ్, సిటిజన్ వీళ్ళకి మాత్రం ఈ దారి బాగా పనికొస్తుంది.

ఈఏడీ రెన్యువల్ గురించి కూడా ఒక మాట. 2025 అక్టోబర్ 30 నుంచి ఫైల్ చేసే రెన్యువల్స్‌కి ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్ తీసేశారు, పాత కార్డ్ డేట్ అయిపోయేలోపు కొత్తది రాకపోతే డ్యూటీ ఆపేయాల్సిందే. ఉద్యోగంలో చేరాక ఈ డేట్ క్యాలెండర్‌లో పెట్టుకుని ఆరు నెలల ముందే కదలండి.

స్టెప్ 3: కాలేజీ నిజమైనదా కాదా

రెండు ముద్రలు ఉండాలి. ఒకటి స్టేట్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ అప్రూవల్, ఇది లేకపోతే ఎన్‌క్లెక్స్ రాయనివ్వరు. రెండోది నర్సింగ్ అక్రెడిటేషన్, సీసీఎన్ఈ గానీ ఏసీఈఎన్ గానీ ఎన్ఎల్ఎన్ వాళ్ళ సీఎన్ఈఏ గానీ. కాలేజీ మొత్తానికి అక్రెడిటేషన్ ఉందని చెప్పి తప్పించుకుంటారు కొందరు, నర్సింగ్ ప్రోగ్రాంకి ప్రత్యేకంగా ఉండాలి, అది కూడా ఆ సంస్థల వెబ్‌సైట్‌లోనే వెతికి చూస్కోండి, కాలేజీ బ్రోషర్‌లో కాదు.

తర్వాత ఎన్‌క్లెక్స్ మొదటిసారి పాస్ అయినవాళ్ళ శాతం. స్టేట్ బోర్డులు ప్రతి కాలేజీది ఏడాది వారీగా పెడతాయి. టెక్సాస్‌లో 80 శాతం కిందకి పడితే బోర్డ్ ఆ కాలేజీ మీద కన్నేస్తుంది. ఒక్క ఏడాది చూసి నిర్ణయించకండి, మూడు నాలుగేళ్ళవి వరసగా చూడండి. చేరినవాళ్ళలో ఎంతమంది టైమ్‌కి పూర్తి చేశారో కూడా అడగండి, ఎందుకంటే వీక్‌గా ఉన్నవాళ్ళని మధ్యలోనే ఆపేసి పాస్ శాతం పెంచుకునే కాలేజీలు ఉన్నాయి.

వేరే స్టేట్ కాలేజీ ఆన్‌లైన్ ప్రోగ్రాం అయితే ఇంకో మూడు ప్రశ్నలు. మా స్టేట్‌లో ఉండేవాళ్ళని తీసుకుంటారా, మీ డిగ్రీతో మా స్టేట్‌లో లైసెన్స్ వస్తుందా, క్లినికల్ ప్లేస్ మీరు చూపిస్తారా నేను వెతుక్కోవాలా. మూడోదానికి "స్టూడెంటే వెతుక్కోవాలి" అంటే వద్దు. హాస్పిటల్స్ పక్కూరి కాలేజీలకే స్లాట్లు ఇవ్వలేకపోతున్నాయి, ఎక్కడో ఉన్న కాలేజీ స్టూడెంట్ ఒక్కరికి ఎవరిస్తారు?

షార్ట్‌కట్ అమ్మేవాళ్ళ గురించి గట్టిగా చెప్పాలి. 2023 జనవరిలో ఆపరేషన్ నైటింగేల్ అని ఫెడరల్ కేసు బయటపడింది, ఫ్లోరిడాలో మూడు నర్సింగ్ స్కూళ్ళ పేరు మీద 7,600కి పైగా నకిలీ డిప్లొమాలు, ట్రాన్స్‌క్రిప్టులు అమ్మారని 25 మంది మీద కేసు పెట్టారు. కొన్నవాళ్ళలో చాలామంది లైసెన్స్‌లు తర్వాత చాలా స్టేట్లలో పోయాయి. వాట్సాప్ గ్రూపుల్లో "క్లినికల్స్ మేం చూస్కుంటాం, మీరు ఫీజు కడితే చాలు" అని ఎవరైనా అంటే అది మీ ఇమిగ్రేషన్‌కి కూడా ముప్పే, పేషెంట్ ప్రాణం సంగతి సరేసరి.

స్టెప్ 4: మన డిగ్రీని ఇక్కడి లెక్కలోకి మార్చడం

విదేశీ డిగ్రీల్ని లెక్కగట్టే సంస్థలు డబ్ల్యూఈఎస్ గానీ ఈసీఈ గానీ, మీరు అనుకున్న కాలేజీ ఏది ఒప్పుకుంటుందో అడిగి, కోర్స్ బై కోర్స్ ఎవాల్యుయేషన్ చేయించుకోండి, డాక్యుమెంట్ బై డాక్యుమెంట్ చవకని అది చేయిస్తే మళ్ళీ కట్టాలి. జేఎన్‌టీయూ, ఓయూ, ఏయూ ఏదైనా ట్రాన్స్‌క్రిప్టులు యూనివర్సిటీ నుంచే సీల్ అయి వెళ్ళాలి, ఈ పని ఇంటి దగ్గర ఎవరో ఒకరు తిరిగితే తప్ప కదలదు, కాబట్టి సెలవులకి ఇండియా వెళ్తున్నప్పుడే పెట్టుకుంటే మేలు.

నాలుగేళ్ళ బీటెక్, బీఫార్మసీ వాళ్ళకి సమస్య లేదు. మూడేళ్ళ బీఎస్సీ, బీకాం వాళ్ళకి మాత్రం కొన్నిసార్లు "మూడేళ్ళ చదువు" అనే వస్తుంది, బ్యాచిలర్స్ అని రాదు. కాలేజీకి నాక్ ఏ గ్రేడ్ ఉంటే డబ్ల్యూఈఎస్ బ్యాచిలర్స్‌గా లెక్కేసే అవకాశం ఉంది, మీద ఎమ్మెస్సీయో ఎంబీఏయో ఉంటే రెండూ కలిపి పంపండి. ఇక్కడ ఎంఎస్ చేసి ఉంటే ఇంకా తేలిక.

జీఎన్ఎం వాళ్ళకి ఇది వేరే రకం. విదేశాల్లో చదివిన నర్సుల చదువుని పరిశీలించే సంస్థ సీజీఎఫ్ఎన్ఎస్, ఈ మధ్య ట్రూమెరిట్ అని పేరు మార్చుకుంది, వాళ్ళ సీఈఎస్ రిపోర్ట్ చాలా స్టేట్లు అడుగుతాయి. మీ స్కూల్ నుంచి థియరీ గంటలు, క్లినికల్ గంటలు సబ్జెక్ట్ వారీగా, మెడికల్ సర్జికల్, మెటర్నిటీ, పీడియాట్రిక్స్, సైకియాట్రీ నాలుగూ విడివిడిగా కనపడాలి. మీ స్టేట్ నర్సింగ్ కౌన్సిల్ నుంచి రిజిస్ట్రేషన్ వెరిఫికేషన్ కూడా నేరుగా వెళ్ళాలి. విడిపోకముందు చేసినవాళ్ళయితే మీ రిజిస్ట్రేషన్ ఇప్పుడు ఏపీ కౌన్సిల్లో ఉందా తెలంగాణ కౌన్సిల్లో ఉందా ముందు కనుక్కోండి, రెన్యువల్ ఆగిపోయి ఉంటే అది చేయించాకే మిగతా పని. ఎన్‌క్లెక్స్ హైదరాబాద్‌లోనే రాయొచ్చు, 200 డాలర్లకి తోడు అమెరికా బయట రాసినందుకు ఇంకో 150 డాలర్లు, పైన ట్యాక్స్.

స్టెప్ 5: ప్రీరిక్విజిట్లు, నిజంగా టైమ్ పట్టేది ఇక్కడే

12 నెలల ప్రోగ్రాం అంటారు గానీ బీటెక్ వాళ్ళకి దానికి ముందు ఇంకో 8 నుంచి 12 నెలలు వీటికే పోతుంది, ఆ లెక్క ముందే ఇంట్లో చెప్పి ఉంచండి. దాదాపు అన్ని చోట్లా అడిగేవి అనాటమీ ఫిజియాలజీ ఒకటి, రెండు ల్యాబ్‌తో సహా, మైక్రోబయాలజీ ల్యాబ్‌తో, స్టాటిస్టిక్స్, ఇంట్రో సైకాలజీ, లైఫ్‌స్పాన్ సైకాలజీ, చాలాచోట్ల కెమిస్ట్రీ, న్యూట్రిషన్.

టెక్సాస్‌లో ఉన్నవాళ్ళకి సుళువు, అన్ని పబ్లిక్ కాలేజీల్లో ఒకటే కోర్స్ నంబర్లు. అనాటమీ ఫిజియాలజీ బయాల్ 2401, 2402, మైక్రో బయాల్ 2420 లేదా 2421, స్టాటిస్టిక్స్ మ్యాథ్ 1342, లైఫ్‌స్పాన్ సైక్ 2314. ఫ్రిస్కో, ప్లేనో వైపు వాళ్ళకి కాలిన్ కాలేజీ, ఇంకొంచెం ఇటు డాలస్ కాలేజీ, ఆస్టిన్ వాళ్ళకి ఏసీసీ. హెచ్4 వాళ్ళు కూడా ఏడాది పైగా ఉన్నట్టు కాగితాలు చూపిస్తే టెక్సాస్‌లో ఇన్-స్టేట్ ఫీజు అడగొచ్చు, లీజ్, డ్రైవింగ్ లైసెన్స్, ట్యాక్స్ రిటర్న్ రెడీగా పెట్టుకోండి. ఇంకోటి, టెక్సాస్ పబ్లిక్ యూనివర్సిటీలో డిగ్రీ తీసుకోవాలంటే అమెరికన్ హిస్టరీ 6 క్రెడిట్లు, గవర్నమెంట్ 6 క్రెడిట్లు చట్టప్రకారం ఉండాలి. ఫారిన్ డిగ్రీ వాళ్ళకి ఇది లిస్ట్‌లో చివర ఎక్కడో రాసి ఉంటుంది, చూస్కోకపోతే ఒక సెమిస్టర్ వెనక్కి పోతారు. వీటిల్లో కొన్ని క్లెప్ (క్లాసుకి వెళ్ళకుండా క్రెడిట్ ఇచ్చే) పరీక్షతో తీసేయొచ్చు, కాలేజీ ఒప్పుకుంటుందో లేదో అడిగి కట్టండి.

అనాటమీ ఫిజియాలజీ 1, 2 ఒకే సమ్మర్‌లో అయిపోతాయని కలిపి తీసుకోకండి, ముఖ్యంగా ఇంటర్‌లో ఎంపీసీ చేసినవాళ్ళు. ఎముకల పేర్లు, కండరాల పేర్లు, నరాల దారులు, బైపీసీ వాళ్ళకి కనీసం చెవిన పడినవి, మనకి అంతా కొత్త. ఈ సైన్స్ సబ్జెక్టుల్లో ఏ తెచ్చుకోవాలి, బీ అయితే గట్టిగా ఒకటి. మినిమం జీపీఏ 3.0 అని రాస్తారు గానీ సీట్లు దాటి అప్లికేషన్లు వస్తాయి కాబట్టి తీసుకునేది పైవాళ్ళనే. పైగా చాలా కాలేజీలు సైన్స్ క్రెడిట్లు 5 లేదా 7 ఏళ్ళు దాటితే తీసుకోవు, రిపీట్ చేసినా మొదటి గ్రేడ్ కూడా లెక్కేస్తాయి. పిల్లలు ఇంకా చిన్నవాళ్ళు, మూడేళ్ళ తర్వాత అప్లై చేస్తాను అనుకుంటే ముందు సైకాలజీ, స్టాటిస్టిక్స్, హిస్టరీ చేసి, సైన్స్‌లు చివర్లో పెట్టుకోండి.

ఆన్‌లైన్ ల్యాబ్ తీసుకునే కాలేజీలు, తీసుకోనివి రెండూ ఉన్నాయి. రాతపూర్వకంగా తెలుసుకోకుండా ఆన్‌లైన్ మైక్రో కట్టేయొద్దు.

స్టెప్ 6: టీస్, టోఫెల్

టీస్ అనే నర్సింగ్ ఎంట్రన్స్ పరీక్ష 170 ప్రశ్నలు, 209 నిమిషాలు, రీడింగ్, మ్యాథ్, సైన్స్, ఇంగ్లిష్. మన వాళ్ళకి మ్యాథ్ ఇబ్బంది ఉండదు, సైన్స్‌లో ఎక్కువ ప్రశ్నలు అనాటమీ నుంచే వస్తాయి, అందుకని అనాటమీ ఫిజియాలజీ 2 పూర్తయిన నెలలోనే రాసేయండి. జారిపోయేది రీడింగ్‌లో. కొన్ని కాలేజీలు టీస్ బదులు హెసీ ఏ2 అనే ఇంకో పరీక్ష అడుగుతాయి. ఏడాదికి ఎన్నిసార్లు రాయనిస్తారో కాలేజీని బట్టి ఉంటుంది. ఇండియా డిగ్రీ అయితే టోఫెల్ అడుగుతారు, ఇక్కడ కాలేజీలో ఇంగ్లిష్ క్రెడిట్లు ఉంటే కొందరు వదిలేస్తారు, ఆ మాట అడగకపోతే వాళ్ళు చెప్పరు.

స్టెప్ 7: డబ్బులు

పబ్లిక్ యూనివర్సిటీ ఇన్-స్టేట్ అయితే ఏబీఎస్ఎన్ 20, 30 వేల డాలర్లలో అయిపోయే చోట్లు ఉన్నాయి, ప్రైవేట్ అయితే 50 వేలు మొదలుకుని 90 వేలు కూడా దాటుతుంది. అదే ఎన్‌క్లెక్స్, అదే లైసెన్స్, మొదటి రోజు అదే జీతం. ఇంత తేడా పెట్టి ప్రైవేట్‌లో చేరాలంటే దానికి సీటు దొరకడం, దగ్గర కావడం తప్ప వేరే కారణం నాకు కనపడదు.

ఫాఫ్సా (ఫెడరల్ సాయానికి పెట్టే అప్లికేషన్) సిటిజన్లకి, గ్రీన్ కార్డ్ వాళ్ళకే, హెచ్4కి ఫెడరల్ సాయం రాదు. గ్రీన్ కార్డ్ ఉన్నా ఇది రెండో బ్యాచిలర్స్ కాబట్టి పెల్ గ్రాంట్ (తిరిగి కట్టక్కర్లేని సాయం) లేదు, లోన్ ఏడాదికి 12,500 డాలర్ల దాకా వస్తుంది, అది చాలదు. మిగతాది ప్రైవేట్ లోన్, దానికి సిటిజనో గ్రీన్ కార్డో ఉన్న కో-సైనర్ అడుగుతారు. చుట్టాల్ని కో-సైన్ అడిగేముందు బాగా ఆలోచించండి, ప్రోగ్రాం మధ్యలో ఆగినా ఆ అప్పు వాళ్ళ మెడకి కూడా చుట్టుకుంటుంది. ఫీజు కాకుండా టీస్, యూనిఫాం, స్టెతస్కోప్, ఏటీఐ ప్రాక్టీస్ పరీక్షల ప్యాకేజీ, బ్యాక్‌గ్రౌండ్ చెక్, ఎన్‌క్లెక్స్ ఇవన్నీ కలిపి ఇంకో రెండు మూడు వేలు పక్కన పెట్టండి.

ఆర్ఎన్ టు బీఎస్ఎన్ అయితే యూటీ ఆర్లింగ్టన్ లాంటి పబ్లిక్ యూనివర్సిటీల్లో 10 వేల డాలర్ల చుట్టుపక్కల అయిపోతుంది. వెస్ట్రన్ గవర్నర్స్ యూనివర్సిటీలో ఆరు నెలల టర్మ్‌కి ఒకే ఫీజు, ఎన్ని సబ్జెక్టులు లాగించగలిగితే అన్ని. హాస్పిటల్ ఇచ్చే ట్యూషన్ డబ్బులు ఏడాదికి 5,250 డాలర్ల దాకా ట్యాక్స్ పడవు, కాబట్టి చదువు రెండు క్యాలెండర్ ఏళ్ళలోకి వచ్చేలా మొదలుపెడితే రెండుసార్లు తీసుకోవచ్చు.

స్టెప్ 8: హెల్త్ ఫైల్, ఇల్లు

సీటు రాగానే ఒక లిస్ట్ పంపిస్తారు, ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ టైటర్లు (రక్తంలో యాంటీబాడీల పరీక్ష), హెపటైటిస్ బీ, టీడాప్, ఫ్లూ, టీబీ టెస్ట్, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ బీఎల్ఎస్ (సీపీఆర్ లాంటివి నేర్చుకున్నట్టు ఇచ్చే) కార్డ్, డ్రగ్ టెస్ట్. హెపటైటిస్ బీ మూడు డోసుల రకం అయితే ఆరు నెలలు పడుతుంది కాబట్టి ప్రీరిక్విజిట్లు చదివేటప్పుడే మొదలుపెట్టండి. టీబీకి స్కిన్ టెస్ట్ వద్దనండి. మనందరికీ చిన్నప్పుడు బీసీజీ వేశారు, దానివల్ల స్కిన్ టెస్ట్ ఊరికే పాజిటివ్ చూపించొచ్చు, అప్పుడు ఎక్స్‌రేలు, ఉత్తరాలు అని తిప్పుతారు. క్వాంటిఫెరాన్ అనే రక్తపరీక్ష అడిగి చేయించుకోండి, దాని మీద బీసీజీ ప్రభావం ఉండదు.

ఇంటి సంగతి. ఏబీఎస్ఎన్‌లో వారానికి 40 నుంచి 60 గంటలు పోతాయి, పొద్దున ఆరున్నరకి హాస్పిటల్ ఫ్లోర్ మీద ఉండాలి, ఆ హాస్పిటల్ గంట దూరంలో కూడా ఉండొచ్చు. చీకట్లో ఫ్రీవే మీద సొంతంగా డ్రైవ్ చేయగలగాలి, ఆ భయం ఉంటే ప్రోగ్రాం మొదలవ్వకముందే పోగొట్టుకోండి. పిల్లలుంటే అమ్మానాన్నల్ని ఒక ఆరు నెలలు, తర్వాత అత్తమ్మ మామయ్యగారిని ఒక ఆరు నెలలు అని మనవాళ్ళు సర్దుకుంటారు, విజిటర్ వీసా మీద మామూలుగా ఒక్కసారికి ఆరు నెలలే ఇస్తారు కాబట్టి ఆ టికెట్లు ప్రోగ్రాం క్యాలెండర్ ముందు పెట్టుకుని బుక్ చేయండి. మొదటి వారం నుంచీ, ఫైనల్స్ అప్పుడూ ఇంట్లో ఒకరు ఉండేలా. వాళ్ళు రాలేకపోతే డేకేర్‌తో పాటు పిల్లలకి జ్వరం వచ్చిన రోజు ఎవరు చూస్తారో కూడా తేల్చుకోవాలి, క్లినికల్ రెండు మూడు సార్లు మిస్ అయితే కోర్సే పోతుంది.

"బీటెక్ చదివి నర్సా" అనేవాళ్ళు ఉంటారు, ఇంట్లోనే ఉంటారు. వాళ్ళతో వాదించడం కన్నా మీకు మీరు ముందు తేల్చుకోవడం ముఖ్యం. పేషెంట్‌ని తుడవాలి, డైపర్ మార్చాలి, చనిపోయినవాళ్ళ పక్కన నిలబడాలి, అది ఈ పనిలో కింది పని కాదు, ఈ పనే అది. అప్లికేషన్‌కి ముందే ఏదైనా హాస్పిటల్లోనో నర్సింగ్ హోంలోనో కొన్ని నెలలు వాలంటీర్‌గా వెళ్ళండి, దానికి ఈఏడీ అక్కర్లేదు. సీఎన్ఏ (నర్సింగ్ అసిస్టెంట్) కోర్సు ఫెడరల్ లెక్కలో కనీసం 75 గంటలే, అది చేసినా మంచిదే. వెళ్ళొచ్చాక కూడా మనసు అటే లాగితే ఇంక ఎవరి మాటా వినక్కర్లేదు.

స్టెప్ 9: చదువు మొదలయ్యాక

ఇంజనీరింగ్‌లో లాగా పరీక్ష ముందు రాత్రి చదివితే ఇక్కడ కుదరదు. నర్సింగ్ ప్రశ్నలకి నాలుగు జవాబులూ కరెక్ట్‌లాగే ఉంటాయి, ముందు ఏం చేస్తావు అని అడుగుతారు. కాబట్టి మొదటి నెల నుంచే రోజుకి 20, 30 ప్రాక్టీస్ ప్రశ్నలు చేసి, తప్పయిన వాటి వివరణ చదవండి. పాస్ మార్కు చాలాచోట్ల 75 పైనే, 74.9 వస్తే కలపరు. డోసేజ్ లెక్కల పరీక్ష 90 దాటాలి, కొన్నిచోట్ల నూటికి నూరు, మన బీటెక్ వాళ్ళు ఇందులో క్లాస్‌కే సాయం చేస్తారు.

భాష దగ్గర సిగ్గుపడకండి. డాక్టర్‌కి ఫోన్ చేసి పేషెంట్ గురించి చెప్పడానికి ఎస్‌బార్ అని ఒక పద్ధతి నేర్పిస్తారు, పరిస్థితి, వెనకటి సంగతి, నేను చూసింది, నాకు కావాల్సింది, ఈ వరసలో. అద్దం ముందు కాదు, క్లాస్‌మేట్‌తో ఫోన్లో ప్రాక్టీస్ చేయండి, మొహం కనపడకుండా చెప్పడమే కష్టం.

ఆర్ఎన్ టు బీఎస్ఎన్ వాళ్ళకి కష్టం వేరే రకం, అంతా రాతే. కోర్సులు 5 నుంచి 8 వారాలు, వారం వారం డిస్కషన్ పోస్టులు, ఏపీఏ ఫార్మాట్‌లో పేపర్లు, రీసెర్చ్, కమ్యూనిటీ హెల్త్, లీడర్‌షిప్. మన దగ్గర జీఎన్ఎంలో ఇలాంటి రాత అలవాటు ఉండదు, కాబట్టి మొదట ఒక్క కోర్సుతోనే మొదలుపెట్టి, కాలేజీ రైటింగ్ సెంటర్‌కి ప్రతి పేపర్ చూపించండి, అది ఫ్రీ. పేపర్లు రాసిపెడతాం అని డబ్బులకి ఆఫర్లు వస్తాయి, సాఫ్ట్‌వేర్‌లో దొరికితే డిగ్రీతో పాటు లైసెన్స్ మీదకి కూడా వస్తుంది.

స్టెప్ 10: ఎన్‌క్లెక్స్, మొదటి ఉద్యోగం

ఆఖరి సెమిస్టర్‌లోనే బోర్డ్‌కి అప్లికేషన్, వేలిముద్రలు, పియర్సన్ వ్యూలో 200 డాలర్ల రిజిస్ట్రేషన్. టెక్సాస్ అయితే నర్సింగ్ జూరిస్‌ప్రుడెన్స్ పరీక్ష కూడా, ఇది ఆన్‌లైన్‌లోనే. పాస్‌పోర్ట్ మీద పేరు, అప్లికేషన్ మీద పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి, మనకి ఇంటిపేరు ముందు వెనక అయ్యే గొడవ ఉంది కదా, టెస్ట్ సెంటర్ దగ్గర వెనక్కి పంపించేస్తారు. పరీక్ష 85 నుంచి 150 ప్రశ్నలు, ఐదు గంటలు, 2023 ఏప్రిల్ నుంచి కేస్ స్టడీలు కూడా వస్తున్నాయి. 85 దగ్గర ఆగిపోతే భయపడొద్దు, 150 దాకా వెళ్ళినా భయపడొద్దు, రెండూ పాస్ అవ్వొచ్చు. డిగ్రీ అయిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో రాసేయండి, ఇండియా ట్రిప్ పరీక్ష అయ్యాకే పెట్టుకోండి. పోతే 45 రోజుల తర్వాత మళ్ళీ రాయొచ్చు.

ఉద్యోగానికి కూడా అప్పుడే కదలాలి. కొత్తవాళ్ళకి నర్స్ రెసిడెన్సీ అని ఏడాది ట్రైనింగ్‌తో కూడిన పోస్టులు ఉంటాయి, చదువు పూర్తవడానికి నాలుగు నుంచి ఆరు నెలల ముందే అప్లికేషన్లు తెరుస్తారు, కొన్ని వారాల్లో మూసేస్తారు. ఆఖరి క్లినికల్ చేసిన యూనిట్ మేనేజర్‌ని నేరుగా కలిసి అడగండి, మనవాళ్ళు ఆ అడగడం దగ్గరే ఆగిపోతారు. మొదటి పోస్ట్ మెడ్ సర్జ్ ఫ్లోర్‌లో నైట్ డ్యూటీ అయినా తీసుకోండి, ఏడాది తర్వాత ఐసీయూ, లేబర్ రూం ఎక్కడికైనా అడగొచ్చు. 2024 మే లెక్కల్లో ఆర్ఎన్‌ల మధ్యస్థ జీతం దేశం మొత్తం మీద ఏడాదికి 93,600 డాలర్లు, స్టేట్‌ని బట్టి చాలా మారుతుంది, నైట్స్‌కి, వీకెండ్స్‌కి గంటకి కొంత కలుపుతారు. సైన్ ఆన్ బోనస్ ఇస్తున్నారంటే ఎన్నేళ్ళు ఉండాలో, మధ్యలో వెళ్తే ఎంత వెనక్కి కట్టాలో, ఈఏడీ ఆలస్యమై డ్యూటీ ఆగినా కట్టాలా, ఈ మూడూ సంతకానికి ముందు హెచ్ఆర్‌ని ఈమెయిల్‌లో అడిగి జవాబు తీసుకోండి.